జనని మా ఇంట్లోనే ఉంది

పిల్లల రక్షణ అధికారి గారికి,

రాయపురం నుంచి నమస్కారం. మా వీధిలోని సహాయ కేంద్రం ఎత్తేశాక అన్నీ ఫోనులోనే చెప్పాలన్నారు. పక్కింటి జననిని మారుతండ్రి బెల్టుతో కొడుతున్నాడని రెండుసార్లు చెప్పాను. ఎవరూ రాలేదు. వాళ్లమ్మ భయంతో నోరు విప్పదు.

ఈ ఉదయం జనని స్కూలు సంచితో వచ్చి, "అత్తా, ఈడే ఉంటా. ఆడికి పంపొద్దు" అంది. లోపలికి తీసుకున్నాను. కాసేపటికి ఆ మారుతండ్రి వచ్చి, "నా కూతుర్ని దాచేదానికి నువ్వెవరు?" అని తలుపు బాదాడు. తీయలేదు. పిల్లను ఎత్తుకొచ్చానని కేసు పెడతానంటూ పోలీసు స్టేషనుకు వెళ్లాడు.

మా తమ్ముడి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. పోలీసులొస్తే వీపు మీది వాతలు తనే చూపిస్తానంటోంది జనని. అంటూనే నా కొంగు వదలడం లేదు. ఆ పిల్ల పక్కన నిలబడడానికి మీరు వెంటనే రండి.

ఇట్లు,
జనని పక్కింటావిడ