తోడికోడలి పాస్‌వర్డు

మెలే అక్కా, నా కడుపుమంట తప్ప ఇక్కడంతా క్షేమం.

మా పెద్ద తోడికోడలు లోసా వైఫై పెట్టించి, దానికి మా బావగారికి దక్కిన వంశం బిరుదే పేరు పెట్టింది. ఇక ఊళ్ళో ఫోన్లన్నీ ఆవిడ అరుగు మీదే, పాస్టరుగారి భార్యతో సహా! ఆ వంశం మాది మాత్రం కాదా అని నేనూ ఒక వైఫై డబ్బా కొని అదే పేరు పెట్టాను. అంతే, మా గుమ్మం దగ్గరికొచ్చిన ప్రతి ఫోనూ పాస్‌వర్డు తప్పని మొరాయించింది. జనం నన్ను చూసి ఒకటే ముసిముసి నవ్వులు.

వైఫైలు బాగుచేసే పెనీ వచ్చి చూశాడు. "డబ్బాకి పుట్టుకతో వచ్చిన నంబరు వేరే ఉంటుంది పిన్నీ, కానీ ఫోను గుర్తుపెట్టుకునేది పేరునే. అందుకే ఆవిడ పాస్‌వర్డు తెచ్చి మీ డబ్బాకి చెబుతోంది. పేరన్నా మార్చండి, ఆవిడ పాస్‌వర్డన్నా పెట్టండి" అన్నాడు. వంశం పేరు వదులుకుంటానా? చచ్చినట్టు వెళ్ళి ఆవిణ్ణే అడిగాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చాపకి ఎండిన మొగలాకులు చాల్లేదు, శనివారం పడవలో రెండు కట్టలు పంపు.

లోసా పాస్‌వర్డు ఏంటో తెలుసా? "ఫెతూ పలుసామి". నా పలుసామే, అమ్మ నాకు నేర్పిన చేమాకు పొట్లాలు! "నీలా వండేదెవరే ఊళ్ళో? ఎవరూ మర్చిపోరని పెట్టా" అంది. ఇన్నాళ్ళూ ఊరంతా నా పేరు కొట్టి ఆవిడ అరుగెక్కిందక్కా!

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి, నా కడుపునీ కాస్త చల్లార్చాలి.

నీ చెల్లెలు
ఫెతూ