సగం గీసిన నెమలి

అమ్రోలి, సూరత్

పెద్దక్కకు నీ చెల్లెలు స్వప్న దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం తిని తిరుగుతూ బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా? పిల్లలు ఏడవకుండా బడికి పోతున్నారా? ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఈ రాతలేమిటని నవ్వుతావని తెలుసు. రెండు గదుల ఇంట్లో అత్తమ్మ వినకుండా మాట్లాడే చోటు లేదు. ఆమెకు సంగతి తెలిస్తే తన వల్లే అయిందని కుమిలిపోతుంది.

వానలు ఇంకా ఆగలేదు. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. ఇక్కడి పప్పులో బెల్లం వేస్తారని చెప్పానుగా, ఇప్పుడు అదీ అలవాటైంది. పక్క వీధిలో బట్ట నేసే సాంచాల మోత వింటూ పగలంతా ఊరికే కూర్చోవడమే కష్టం. మీ మరిది షిఫ్టు నుంచి వచ్చి అన్నం తింటూనే కునుకు తీస్తాడు, ఇక నాతో మాట్లాడేదెప్పుడు.

అందుకే ఇంట్లో కూర్చుని చీరల డిజైన్లు గీసే పని వెతుక్కున్నాను. సిరిసిల్లలో నేర్చుకున్న కంప్యూటర్ డిజైనింగ్ ఇన్నాళ్లకు అక్కరకొస్తుందని ఎంత సంబరపడ్డానో. ఒక సేఠ్ పని ఇస్తానన్నాడు కానీ ల్యాప్‌టాప్ నాదే ఉండాలన్నాడు. దాంతో ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. “కొత్తదే కొందాం, నెలనెలా కట్టుకుందాం. ఎవలో వాడి పడేసింది మనకెందుకు?” అన్నాడు మీ మరిది. “నువ్వు నడిపే సాంచాలు కొత్తయా ఏంది? నడుస్తలేవా?” అని అత్తమ్మ నోరు మూయించింది. చివరికి దుకాణం వాడే దారి చూపాడు. బాగు చేసిన పాతది నెల రోజులు వాడి చూడమన్నాడు. నచ్చకపోతే తిరిగిచ్చి, మిగతా డబ్బు కట్టి కొత్తది తీసుకోవచ్చట. అలా పాతది మా ఇంటికొచ్చింది.

చూడ్డానికి శుభ్రంగానే ఉంది. మణికట్టు ఆనే చోట మాత్రం నున్నగా అరిగి ఉంది. లోపల ఉన్నదంతా తుడిచేశామని దుకాణం వాడు చెప్పాడు. సేఠ్ దగ్గరి మనిషి ఇంటికొచ్చి డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ కొత్తగా వేసిపోయాడు. అతను అలా వెళ్లగానే తెరిచి చూస్తే, పేరు పెట్టని డిజైన్ ఒకటి అందులో ఉంది. చీర కొంగు అది. వరుసగా నెమళ్లు. చివరి నెమలికి మెడ వరకే గీసి ఉంది, కన్ను కూడా పెట్టలేదు. నీ దగ్గరి నుంచి వచ్చిందా అని ఆ మనిషికి ఫోన్ చేసి అడిగాను. కాదన్నాడు.

చెరిపేయబోయాను. వెనకాల నిలబడి చూస్తున్న అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. “సగం నేసినదాన్ని కొయ్యొద్దు బిడ్డా. గీసిన మనిషి ఉన్నదో పోయిందో మనకేం ఎరుక? జర కూసొని పూర్తి చెయ్, అటెన్క నీ పని మొదలుపెట్టుకో,” అంది.

తాతయ్య పోయినప్పుడు నాన్న చేసింది నీకు గుర్తుంది కదా. మగ్గం మీద తాతయ్య వదిలిపోయిన రెండు మూరలు పదకొండో రోజు లోపల నేసి ముగించాడు. ఆ తర్వాతే ఆ పడుగు కొసలకు కొత్త పోగులు అతికాడు. నేతపని లేని ఇంట్లో పుట్టిన పిల్లయితే ఒక్క మీట నొక్కి చెరిపేసి తన పని తను చూసుకునేది. నేను బుద్ధిగా కూర్చుని పూర్తి చేశాను.

ఎంతసేపు గీశానో తెలియలేదు. అరగంట అనుకున్నాను. చూస్తే చాయ్ మీద మీగడ కట్టింది, అత్తమ్మ అన్నానికి మూడు సార్లు పిలిచిందట. మిగతా నెమళ్లన్నిటికీ తోకలో ఏడేసి ఈకలున్నాయి, నేను గీసినదానికి ఆరే పట్టాయి. పోగుల లెక్క ఎక్కడో తప్పాను. సర్దుదామంటే చెయ్యి కదలలేదు, పోనీలే అని వదిలేశాను.

మర్నాడు సేఠ్‌కు చూపించాను. అతను చివరి నెమలి తోకను పెద్దది చేసి చూశాడు. తర్వాత బీరువాలోంచి ఒక చీర తీసి బల్ల మీద పరిచాడు. అవే నెమళ్లు అక్కా. చివరి దానికి ఆరు ఈకలు. ఆ చీర నేయించి రెండేళ్లయిందన్నాడు. నేను ఈ ఊరికొచ్చి ఏడాది కూడా కాలేదు.

దొంగిలించాననుకుంటాడేమోనని ఉన్నదంతా చెప్పేశాను. అతనికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది.

“కోసాడ్‌లో మీ తెలుగామె ఒకతె ఉండేది,” అన్నాడు హిందీలో. “ఆమె కూడా పాత ల్యాప్‌టాపే కొన్నది. సగం గీసింది దొరికింది, పూర్తి చేశాను సేఠ్ అని ఇలాగే వచ్చి చెప్పింది. చీర బాగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత ఏది గీయమన్నా ఇదే గీసుకొచ్చేది. పువ్వు అడిగితే నెమలి, ఏనుగు అడిగితే నెమలి. ఒకే నెమలిని ఎన్నిసార్లు నేయించను? పని ఆపేశాను.”

ఆమె ఇప్పుడెక్కడుందని అడిగాను. తెలియదన్నాడు. నా సొంత డిజైన్ ఒకటి గీసుకొస్తే చూస్తానని, నెమలి తెచ్చేటట్లయితే రావద్దని చెప్పి పంపాడు.

ఇలాంటిది ఎక్కడైనా ఉంటుందా అని దారి పొడుగునా నవ్వుకుంటూనే వచ్చాను. నాన్న నేర్పిన మామిడి పిందె గీద్దామని కూర్చున్నాను. కళ్లు మూసుకుని గీసేదాన్ని కదా అది. తొడిమ దగ్గర వంపు తిరగగానే అది మెడ అయింది. చెరిపి మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ మెడే వచ్చింది. నాలుగు రోజులు ఇదే తంతు. ఇది ఆ పాత పెట్టె చేసే పనే అనుకుని, దుకాణానికి పోయి కొత్తది చూపించమన్నాను. పైన అంటించిన కాగితం కూడా ఇంకా తీయలేదు. దాని మీద పిందె గీస్తుంటే దుకాణం వాడు వెనక నుంచి తొంగి చూసి, “నెమలి బాగా వచ్చింది బెహన్,” అన్నాడు. నేను ఈకలు లెక్కపెట్టాను. ఆరు ఉన్నాయి.

మీ మరిదికి చెబితే, “నిద్ర చాలక గట్లయితది, రెండు రోజులు పండుకో,” అన్నాడు. పడుకుని కూడా చూశాను.

నాకు భయంగా ఉంది అక్కా. నెల నిండడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. తిరిగిచ్చేస్తే మనలాంటి ఇంటి పిల్ల ఇంకెవరో కొంటుంది, నాలాగే కూర్చుని పూర్తి చేస్తుంది. ఉంచుకుంటే నాన్న ఇచ్చిపోయిన పనితనం నా చేతిలో ఏమీ మిగలదు. కొత్తది కొన్నా ఏం లాభమో తెలియడం లేదు. పాతదా, కొత్తదా, ఒక్క మాట చెప్పు చాలు. నాన్న గీతల పుస్తకం నీ పెట్టెలో ఉంటే వెంటనే పంపు, దాని మీద కాగితం పెట్టి దిద్దుకుంటాను. వీలైతే కాస్త పసుపు, ఎల్లిపాయ కారం కూడా పంపు. నువ్వేమీ బెంగ పెట్టుకోకు, ఒంట్లో బాగానే ఉంది, వేళకు తింటున్నాను.

బావగారికి, పెద్దమ్మకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. అమ్మ తర్వాత నువ్వే కాబట్టి నన్ను దీవించు.

ఈ ఉత్తరం మూడు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను. ఇప్పుడు మొదటి పేజీ పక్కన ఈ పేజీ పెట్టి చూశాను. రెండూ ఒకే చేతి రాతలా లేవు. చిన్నప్పటి నుంచి నా దస్తూరీ ఎరిగినదానివి నువ్వు. నాది ఏ మాట దగ్గర ఆగిపోయిందో చూసి, ఆ మాట నాకు ఫోన్‌లో చదివి చెప్పు.

నీ చెల్లెలు,
స్వప్న