కుడివైపు వంపులు

మా బుల్లెమ్మకు,

శనివారం నీ పరిశోధన పత్రాన్ని పత్రికకు పంపవద్దు. కుశలం అడగకుండానే ఈ మాట రాస్తున్నాను. వరుస తప్పిందని తెలుసు. నిన్న ఫోను చేసి, నీ గొంతు వినగానే ధైర్యం చాలక, కూరగాయల ధరలు మాట్లాడి పెట్టేశాను.

గెలాక్సీల గుచ్ఛంలో కంటికి కనిపించే బరువంతా కూడినా, అవి చెదరకుండా నిలవడానికి చాలదనీ, కనబడని కృష్ణ పదార్థమేదో వాటిని పట్టి ఉంచుతోందనీ నువ్వే చెప్పావు. ఆ పదార్థం వెనుకనుంచి వచ్చే వెలుతురును వంచుతుంది. వంపులను గుర్తిస్తే దాని బరువు తేలుతుంది. కంప్యూటరు తెరమీద వాటిని గుర్తించే పని నాకిచ్చి, "నాన్నా, మీ కన్ను పడితే కామా కూడా తప్పించుకోదు" అన్నావు. పదవీ విరమణ తరువాత నేను పెట్టే గుర్తు ఒకరికి అవసరమవడం అదే మొదలు. ఆరు నెలల్లో నాలుగు వందల చిత్రాలు చూశాను.

మొన్న కూడలిలో ఎర్రదీపానికి కుడివైపు పైన సన్నని నెలవంక కనిపించింది. పచ్చదీపానికీ అంతే. నేను కదలకపోతే మంగలి తన దుకాణంలోంచి, "ఏం మాస్టారూ, దీపానికి మార్కులేస్తున్నారా? మూడోసారి పచ్చ పడింది, దాటండి" అన్నాడు. ఇంటికి వచ్చి నా గుర్తులు తీసి చూశాను. దాదాపు అన్నీ కుడివైపు పైనే ఉన్నాయి.

నా ఎడమకంటికి చిన్నప్పటినుంచే చూపు మందం. చూపున్న ఒక్క కుడికంటికీ శుక్లం వచ్చిందని డాక్టరు రెండేళ్ళ క్రితమే చెప్పాడు. "తప్పు మీ యంత్రానిది" అని లేచి వచ్చేశాను. నీకు చెబితే పని పోతుందని దాచాను. పక్కవాడి జవాబు చూసి రాసిన పిల్లలను బెంచీ ఎక్కించిన నేను, నా కంటిలోని మచ్చను ఆకాశానికి అంటగట్టాను. నా గుర్తులన్నీ కొట్టివేయి. కూర్చోలేక గది కొలుస్తున్నాను: పదకొండు అడుగులు, మళ్ళీ పదకొండు.

తప్పు నాదేనని ఒప్పుకుంటూ,
నీ నాన్న

*

బుల్లెమ్మా,

నీ జవాబు నాలుగుసార్లు చదివాను. అందులో దిద్దవలసిన అక్షరదోషాలు రెండున్నాయి, దిద్దలేదు.

చూసేవారెవరైనా సరే, ప్రతి చిత్రాన్నీ రెండుసార్లు, రెండవసారి తలకిందులు చేసి, కలగలిపి పంపుతారట. నిజమైన వంపు చిత్రంతోపాటు తిరుగుతుంది. నావి తిరగలేదు. మొదటి నెలలోనే నా గుర్తులను పక్కన పెట్టేశావట. నలభై ఏళ్ళు పరీక్షలు పెట్టినవాడికే పరీక్ష పెట్టావు. "మరి చిత్రాలు పంపుతూ వచ్చావెందుకే?" అని ఫోనులో అడిగితే, "కళ్ళు చూపించుకోండి అంటే ఏనాడైనా విన్నారా నాన్నా? మీ అంతట మీరే చెబుతారని కాచుకున్నా" అన్నావు. ఐదు నెలలు లెక్కలోకి రాని పని చేయించావని నాకు కోపం ఉంది. ఇక ఏదీ దాచదలచుకోలేదు కనుక అదీ రాస్తున్నాను.

శుక్లం ఆపరేషను చేయించుకున్నాను, పోయిన వారం కంటికి కట్టు విప్పారు. నాలుగు వందల చిత్రాలూ మొదటినుంచి మళ్ళీ చూశాను. నా నెలవంకలు ఒక్కటీ లేవు. కానీ మూడువందల పన్నెండవ చిత్రంలో, ఎడమవైపు కింద, వెంట్రుకలాంటి వంపు ఒకటుంది. పాత కంటికి అది ఆననే లేదు. చిత్రాన్ని తలకిందులు చేశాను. అదీ తిరిగింది.

మరో ఇద్దరికి చూపించు. ఎవరు గుర్తించారో మాత్రం వాళ్ళకు చెప్పకు.

పనిలో మళ్ళీ చేరిన,
నాన్న