వ్యాను మీద దుప్పటి

చిట్టీ,

ఫోన్‌లో నేను "దుప్పటి, దుప్పటి" అని ఏడుస్తుంటే నీకు "తప్పేంటి" అని వినిపించినట్టుంది. "తప్పెవరిదో తర్వాత చూద్దాం నాన్నా" అని పెట్టేశావు.

అమ్మను మామయ్య అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేనూ వెళ్తున్నాను. అలమరలోంచి అమ్మ మందుల చీటీలు, కళ్లజోడు తీసుకుని వచ్చేయి. వ్యాను పైకి మాత్రం ఎక్కకు, నిచ్చెన జారుతోంది.

వ్యానులో ప్రయాణానికి ముందు మిషను సరిగ్గా నడుస్తుందో లేదో ఒకసారి సరిచూద్దామని అమ్మ మధ్యాహ్నం వ్యానులోనే పడుకుంది. తన ఆక్సిజన్ మిషను వ్యాను బ్యాటరీతో నడుస్తోంది. ఆ బ్యాటరీని వ్యాను పైన కొత్తగా బిగించిన సోలార్ ప్యానెల్ నింపాలి. నేను మెకానిక్ షెడ్డులో కూర్చుని, "సూర్యుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాం, ఇక పగలంతా చాకిరీ ఆయనదే" అని కోతలు కోస్తున్నాను. తిరిగొచ్చేసరికి బ్యాటరీ అయిపోయి మిషను ఆగిపోయింది. అమ్మ పెదాలు నీలం తిరిగాయి. పిలిస్తే పలకలేదు. సోలార్ ప్యానెల్ బిగించి ప్రాణం మీదికి తెచ్చాను.

అత్తయ్యలూ పక్కింటివాళ్లూ అందరూ మామయ్య వైరింగునే తిడుతున్నారు. అతనూ "నాదే తప్పు బావా" అని తల వంచుకున్నాడు. కాదమ్మా. ఎండ తగిలితే వైర్లు కలిపేటప్పుడు షాక్ కొడుతుందని ప్యానెల్ మీద దుప్పటి కప్పింది నేనే. పనయ్యాక తీసెయ్యమని అతను కిందినుంచి రెండుసార్లు అరిచాడు. "సూర్యుడికి చలేస్తుందిరా, కాసేపు ఉండనీ" అని జోకేసి దిగిపోయాను. మళ్లీ గుర్తు రాలేదు.

ఈ మాట ఆసుపత్రిలో అందరి ముందూ నేనే చెప్తాను. నా నోరు పెగలకపోతే ఈ చీటీ నువ్వు చదువు. మామయ్యకు వినపడేలా గట్టిగా చదువు.

నాన్న

అమ్మ కళ్లు తెరిస్తే ముందు తనకి చదువు. నన్ను తిట్టడానికైనా లేచి కూర్చుంటుంది.