అమ్మవైపు తలుపు

అక్కా,

మన కారు బాగుచేయించాలో, కొత్తది కొనాలో నాకేమీ పాలుపోవడం లేదు. మెకానిక్ “దీనికో దండం పెట్టి అమ్మేయండి” అంటున్నాడు. నాన్న సరేనన్నారు. అమ్మ మాత్రం ససేమిరా అంటోంది.

అమ్మ కూర్చునే వైపు తలుపు లోపలినుంచి తెరుచుకోదని నీకు తెలుసుగా. వాళ్ళిద్దరికీ మాటల్లేక మూడు నెలలైనా, కారు ఆగగానే నాన్న చుట్టూ తిరిగొచ్చి ఆ తలుపు తీస్తారు. ఆయనకి ఆ శ్రమ తప్పిద్దామని నిన్న ఆ ఒక్కటీ బాగుచేయించాను. అమ్మకి చెబితే ఉలిక్కిపడి, “మీ నాన్నకి మాత్రం చెప్పకురా” అంది. ఇవాళ ఆసుపత్రి ముందు కారు ఆగితే, పిడి మీద చెయ్యైనా వేయకుండా కూర్చుంది. నాన్న వచ్చి తీశారు.

ఇప్పుడు చెప్పు, కొత్త కారు కొంటే, దాని తలుపు లోపలినుంచి తెరుచుకుంటుందన్న సంగతి నాన్న దగ్గర ఎలా దాచను?

నీ తమ్ముడు