ఏం కాదులే అనకుండా

ఆదివారం, ఉదయం

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అన్నయ్య, వదిన, పాప క్షేమంగా ఉన్నారు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనుకుంటాను.

ఇందాక వదిన పాపకు తల దువ్వుతోంది. చిక్కు పడి పాప ఏడుపు లంకించుకుంది. ఇదివరకైతే వదిన ఏం కాదులే, అయిపోయింది అంటూ దువ్వేసేది. ఇవాళ దువ్వెన గాల్లోనే ఆపి, ఎక్కడ నొప్పిగా ఉందని అడిగింది. అడిగి ఊరుకుంది. పాప ముక్కు ఎగబీల్చి, ఆలోచించి, మెడ వెనక చూపించింది. వదిన అక్కడి చిక్కు వేళ్ళతో విడదీసింది. అది చూశాక నీకు ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

వదిన ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కిందమ్మా. వచ్చే నెల నుంచి వాళ్ళ ఆసుపత్రిలో విదేశీ రోగుల వార్డుకు తనే ఇన్‌ఛార్జి. పిల్లతల్లికి ఈ వయసులో ఏబీసీడీలేమిటని నువ్వు నవ్వావు. నేర్పేది నేనే కాబట్టి ఆ నవ్వులో సగం నాకూ తగిలింది. ఇప్పుడు నవ్వడం మా వంతు.

కిందటిసారి పరీక్ష పోయింది గ్రామర్ వల్ల కాదు. అందులో కంప్యూటర్ తెర మీద ఒకావిడ రోగిలా నటిస్తుంది, మనం నర్సులా మాట్లాడాలి. ఆపరేషనంటే భయంగా ఉందని ఆవిడ అనగానే, ఏమీ కాదని, తానున్నానని, ధైర్యంగా ఉండమని వదిన గుక్కతిప్పుకోకుండా చెప్పింది. నేను నేర్పిన జాతీయాలన్నీ కూడా అందులోనే కుక్కింది. రోగి మాట వినలేదని రాసి మార్కులు కోసేశారు.

వదినకు ఒళ్ళు మండింది. "భయపడేవాళ్ళకి ధైర్యం చెప్పడం తప్పా? మనవాళ్ళ దగ్గర ఏం కాదు అనకపోతే రాతిగుండె అంటారు, పుస్తకం" అంది. నన్నింకా పుస్తకం అనే పిలుస్తుంది. వాళ్ళ పద్ధతిలో ఆ మాట అవతలి మనిషి నోరు మూయించినట్టే అవుతుందని చెప్పాను. భయమేమిటో అడగాలి, ఆ తర్వాత ఆగాలి. "ఆగి ఏం చెయ్యాలి, గోడలు చూడాలా?" అంది. మాట్లాడకుండా ఉండటం నాకు పుట్టుకతోనే వచ్చు గానీ దాన్ని పాఠంగా చెప్పడం తెలియదు.

అందుకని రోజూ అన్నాలయ్యాక భోజనాల బల్ల దగ్గర నేను రోగిని, తను నర్సు. మొదట్లో ఆగలేక వదిన బుగ్గలు ఉబ్బించి కూర్చునేది. అన్నయ్య నవ్వాపుకోలేక లేచి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు మాత్రం, అన్నిటికంటే దేనికి భయమని ఇంగ్లీషులో అడిగి, నిజంగానే ఆగింది. నా మాట కోసం అంతసేపు ఎవరూ ఆగలేదమ్మా. నేను చెప్పుకుపోయాను. అంతా విని వదిన లేచింది. కుర్చీ తెచ్చుకుని నా కుడివైపు కూర్చుంది. ఇక ఈ మనిషికి ఢోకా లేదని అప్పుడే అనుకున్నాను.

పరీక్షలో క్రియలు ఒకటి రెండు చోట్ల తారుమారయ్యాయట. అయినా రోగిని మాట్లాడనిచ్చిందని మెచ్చుకుంటూ రాశారు. ఆ మాటలు అన్నయ్య కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాడు. కూరగాయల కొట్టాయన వద్దన్నా వినక మళ్ళీ చెప్పాడు. వదిన తల దించుకుంటుంది. నేను తలెత్తుకుని తిరుగుతున్నాను. తరగతిలో ఎంతోమందికి చెప్పాను గానీ, నేర్చుకున్నది ఇంటికి కూడా తెచ్చుకున్నవాళ్ళను చూడలేదు.

నీ కోడలికి ఒక ఫోన్ చెయ్యి. మెచ్చుకో. తను మాట దాటేస్తుంది, నువ్వు ఆగు.

ఇట్లు,
నీ చిన్నది

తా.క. పైన క్షేమమని రాసినవాళ్ళలో నేను లేను. ఆ రోజు బల్ల దగ్గర నేను చెప్పింది నటన కాదు. కొంతకాలంగా నా ఎడమ చెవి సరిగ్గా వినిపించడం లేదు. నలుగురిలో మాట్లాడకపోతే అది నా సిగ్గేనని అందరూ అనుకున్నారు, నేనూ కాదనలేదు. వదిన తప్ప ఎవరూ అడగలేదు. నువ్వు ఏం కాదులే అనేముందు నన్ను అడుగు, అన్నీ చెబుతాను. గురువారం ఆపరేషన్.