నా వార్డులో బొద్దింకలా?

ప్రియమైన చిట్టీ,

మా పిల్లల వార్డులో ఏదో దాపురించింది. కాలు విరిగి వచ్చినవాడికీ, దగ్గుతో వచ్చినదానికీ విరేచనాలే. రెండు వారాల్లో ఏడుగురు. కారణం రాసిమ్మని సూపరింటెండెంటు గారు అడిగితే, ఊడ్చి తుడిచే ఆయమ్మ చేతులు సరిగ్గా కడుక్కోవడం లేదని రాసిచ్చాను. పదిహేనేళ్ళుగా పనిచేస్తోంది, నెలాఖరుకు తీసేస్తారట. నాకూ ముద్ద దిగడం లేదు. కానీ వార్డు అద్దంలా ఉంటుంది, ఇంకెవరిని అనను? ల్యాబులో పనిచేసేదానివి, నీకేమైనా తోస్తే రాయి.

ప్రేమతో,
మీ అక్క


హెడ్‌నర్సు అక్కయ్యకు,

నాకు కోపం వచ్చింది. ఆయమ్మ చేతులు కడుక్కోకపోవడం నువ్వు కళ్ళారా చూశావా? ముందు బొద్దింకలున్నాయేమో వెతుకు. మురుగు గొట్టాల్లో తిరిగిన కాళ్ళతోనే అవి పాలగిన్నెల మీద నడుస్తాయి. తిన్నది అక్కడే కక్కుతాయి కూడా. ఒకదాన్ని పట్టి మీ ల్యాబుకు పంపు. క్రిములను పెంచే పళ్ళెం మీద దాన్ని నడిపిస్తే, రెండు రోజుల్లో ప్రతి అడుగుజాడలోనూ క్రిములు మొలకెత్తుతాయి. వెచ్చగా, చీకటిగా ఉన్న చోటు చూడు. చిన్నప్పుడు బొద్దింకను చూసి మంచమెక్కి కేకలు వేసేదానివి, ఈసారి దిగక తప్పదు తల్లీ.

నీ
చిట్టి


ఓసి చిట్టీ,

నా వార్డులో బొద్దింకలా? నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు ఇక్కడ. ల్యాబులో పని తక్కువై నీకు ఊహలు ఎక్కువయ్యాయి. అయినా నీ నోరు మూయించడానికి రేపు పొద్దున్నే పాలగది వెతుకుతాను. దొరక్కపోతే నెల రోజులు నీతో మాట్లాడను.

కోపంతో, అయినా ప్రేమతోనే,
అక్క


నా బంగారు చెల్లీ,

దొరికాయి. ఒకటా రెండా! పాలు వెచ్చబెట్టే యంత్రం వెనక, సెలైన్ సీసాలు వచ్చిన ఖాళీ అట్టపెట్టెలు ఇరవై దాకా ఉన్నాయి. ఎప్పటికైనా పనికొస్తాయని వాటిని దాచింది నేనే. అమ్మ పోలిక ఎక్కడికి పోతుంది! పైదాన్ని కదిపానో లేదో, బిలబిలమంటూ వచ్చేశాయి. నేను స్టూలెక్కేశాను. నేను పని పోగొట్టబోయిన ఆయమ్మే సీసా తెచ్చి రెండింటిని పట్టింది. మా ల్యాబుకు పంపితే, నువ్వన్నట్టే పళ్ళెంలో అడుగులన్నీ మొలిచాయి. పిల్లల్లో దొరికిన క్రిమీ అదేనట.

సూపరింటెండెంటు గారి ముందు నా కాగితం నేనే చింపేశాను, తప్పు నాదన్నాను. పది నిమిషాలు చీవాట్లు పెట్టారు. తలొంచుకుని విన్నాను. ఆయమ్మ పని నిలిచింది. పెట్టెలు తగలబెట్టించి, గోడల నెర్రెలు పూడ్పించాం.

తర్వాత ఆయమ్మను, పెట్టెల సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"రెండుసార్లు తీయబోయాను. ముట్టుకోవద్దని మీరే కసిరారు కదమ్మా" అంది.

సిగ్గుతో చచ్చిపోయాననుకో. క్షమించమని ఆవిడ చేతులు పట్టుకున్నాను.

"వదలండమ్మా, ఇప్పుడే సబ్బుతో కడుక్కొచ్చాను. మళ్ళీ కడగాలి" అని నవ్వేసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

వారం నుంచి కొత్తగా ఎవరికీ ఏమీ లేదు. ఆ ఏడుగురిలో చివరివాడు ఈ ఉదయం ఇంటికెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఆయమ్మ చంక దిగనని ఒకటే గోల. నావైపు కన్నెత్తి కూడా చూడలేదు. నాకేం కుళ్ళు లేదులే, ఏదో కాస్తంత.

నీకు వెయ్యి ముద్దులతో,
స్టూలు దిగిన మీ అక్క